మీ ఉద్యోగం ఏంటో చెప్పొద్దు!

ప్రశ్న: యూట్యూబ్‌లో ‘వాట్స్ మై లైన్’ అని పాత అమెరికా షో చూశానండీ, బ్లాక్ అండ్ వైట్‌ది. ఎవరో వచ్చి కూర్చుంటారు, నలుగురు ప్యానెల్ వాళ్ళు ఆ మనిషి ఏం పని చేస్తాడో కనుక్కోవాలి, అంతే. దీన్ని 17 ఏళ్ళు ఎలా చూశారు?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఒకటే చూసినట్టున్నారు, ఇంకో నాలుగు చూడండి, తర్వాత ఆపలేరు. 1950 ఫిబ్రవరిలో సీబీఎస్ అనే అమెరికా టీవీ ఛానెల్లో మొదలై 1967 సెప్టెంబర్ దాకా నడిచింది. రూల్ చిన్నది, అవును కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగాలి, ఒక్కో ‘కాదు’కి వచ్చినాయనకి 5 డాలర్లు, పది ‘కాదు’లు పడితే ఆయన గెలిచినట్టు, అంటే మొత్తం 50 డాలర్లే, కాబట్టి డబ్బు కోసమైతే ఎవరూ రాలేదు. మజా అంతా ప్రశ్నలు పక్కదారి పట్టడంలో ఉంది. మన మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే ఆవిడ్ని కూర్చోబెట్టారనుకోండి, మీ పని ప్రతి ఇంటికీ చేరుతుందా అంటే అవును, దానివల్ల జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారా అంటే అవును, ఇంకేముంది, ప్యానెల్ వాళ్ళు ఏ సీరియల్ రైటరో అని ఫిక్సయిపోతారు. స్టీవ్ అలెన్ అనే ప్యానెలిస్టు ‘బ్రెడ్డు డబ్బా కంటే పెద్దదా’ అని అడిగేవాడు, అది అక్కడ సామెతలా అయిపోయింది, మనమైతే బియ్యం డబ్బా అనాలేమో.

అయినా మన దగ్గర ఈ ఆట నడవదులెండి, బెజవాడలో పినాకిని ఎక్కితే తెనాలి వచ్చేలోపే పక్క సీటాయన మన ఉద్యోగం, జీతం, గోత్రం అన్నీ లాగేస్తాడు.

ప్రశ్న: సెలబ్రిటీ వచ్చినప్పుడు ప్యానెల్ వాళ్ళు కళ్ళకి గంతలు ఎందుకు కట్టుకుంటారు సార్? ఆ సెలబ్రిటీల్లో బెస్ట్ ఎవరు?
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: చూస్తే గుర్తుపట్టేస్తారు కాబట్టి. అలా వచ్చే సెలబ్రిటీలు, అంటే ‘మిస్టరీ గెస్టు’లు, గొంతు కూడా మార్చేవాళ్ళు. నా ఓటు 1957లో వచ్చిన పెయింటర్ సాల్వడార్ డాలీకి, రచయితా అంటే అవును, ఆటలతో సంబంధం ఉందా అంటే అవును, దాదాపు అన్నిటికీ అవునే, పాపం హోస్ట్ జాన్ డేలీ మధ్యలో దూరి సర్దలేక చచ్చాడు. కానీ నాకు పేరు లేనివాళ్ళే ఎక్కువ నచ్చుతారు. 1963లో కేఎఫ్‌సీ చికెన్ హోటళ్ళు పెట్టిన శాండర్స్ గారు గంతల గొడవ లేకుండా మామూలు గెస్టుగా వచ్చి కూర్చున్నాడు, ఇప్పుడైతే ఆ గడ్డం చూసి పిల్లలు కూడా చెప్పేస్తారు.

ప్రశ్న: ఆఖరి ఎపిసోడ్‌కి ఎవరొచ్చారు?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: బయటి సెలబ్రిటీ ఎవరూ రాలేదు! హోస్ట్ డేలీయే మిస్టరీ గెస్టు. గంతలు కట్టుకున్న ప్యానెల్ ముందు ఒకసారి తన గొంతుతో, ఇంకోసారి దొంగ గొంతుతో, తనే హోస్టు తనే గెస్టు.