దేశభక్తి కవిత్వం అంటే యుద్ధాన్ని కీర్తించడమేనా?

కాదు, తెలుగులో 20వ శతాబ్దం మొదట్లోనే దేశభక్తి కవిత్వం కత్తిని పక్కన పెట్టి మనిషి వైపు తిరిగింది.

పాత వీరగాథల్లో విధేయత రాజుకో, వంశానికో దక్కేది. గుంటూరు వారికి బాగా తెలిసిన కథ పల్నాటి యుద్ధం: 12వ శతాబ్దపు దాయాదుల పోరు, కారంపూడి రణరంగం, ప్రాణాలకు తెగించిన బాలచంద్రుడు. కారంపూడి ఉత్సవాల్లో వీరవిద్యావంతులనే సంప్రదాయ గాయకులు ఆ కథను నేటికీ పాడతారు. కానీ అది ఇంటిపోరు, దేశం కోసం జరిగిన యుద్ధం కాదు. మనం ఇప్పుడు అనుకునే అర్థంలో దేశభావన ఆంగ్లేయుల పాలనలో, పత్రికల ద్వారా వ్యాపించింది. దానితోపాటే ‘దేశమంటే ఎవరు?’ అనే ప్రశ్నా పుట్టింది.

గురజాడ 1910లో రాసిన ‘దేశభక్తి’ గేయం చూడండి. దేశమంటే మట్టి కాదు, మనుషులు అన్న మాట అందరికీ కంఠస్థం. అదే గేయం పాడిపంటలు పెంచమంటుంది, పోటీని చదువుల్లో, వ్యాపారంలో చూపమంటుంది, కత్తి వైరాన్ని కాల్చేయమంటుంది. ఈ చివరి మాటను వేదికల మీద ఎవరూ పెద్దగా తలచుకోరు! మొదటి ప్రపంచ యుద్ధానికి నాలుగేళ్ల ముందు మాట ఇది.

యుద్ధాన్ని ప్రశ్నించడం శ్రీశ్రీతోనే మొదలైందని చాలామంది పొరబడతారు. ఆయన స్వరం పదునైనదే, కానీ మొదటిది కాదు. 13వ శతాబ్దంలోనే తిక్కన భారతంలోని స్త్రీపర్వం శవాల మధ్య గాంధారిని నిలబెట్టి గెలుపు ఖరీదును చూపించింది.