పీఎస్‌ఏ 6.8 వస్తే క్యాన్సరేనా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రోస్టేట్ క్యాన్సర్‌ను అంచనా వేసే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్ అనే ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) వంటి రక్తపరీక్షల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో యూరాలజీ నిపుణుడు జవాబిస్తున్నారు. ఇక్కడి సమాధానాలు మీ డాక్టరుతో మాట్లాడేందుకు పనికొస్తాయి, ఆయన సలహాకు బదులు కావు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 63 ఏళ్లు, ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. మాస్టర్ హెల్త్ చెకప్‌లో పీఎస్‌ఏ 6.8 వచ్చింది. 4 లోపు ఉండాలని రిపోర్టులో రాశారు. రాత్రిపూట రెండుసార్లు మూత్రానికి లేవడం తప్ప వేరే ఇబ్బంది లేదు. ఒక డాక్టరు వెంటనే బయాప్సీ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి చూసే పరీక్ష) చేయించమన్నారు, మరొకరు ఫ్రీ పీఎస్‌ఏ చూద్దామన్నారు. ఇంట్లో అందరూ కంగారు పడుతున్నారు. ఏం చేయమంటారు? (వరంగల్)

జవాబు: పీఎస్‌ఏను ప్రోస్టేట్ గ్రంథిలోని ఆరోగ్యవంతమైన కణాలు కూడా తయారుచేస్తాయి. స్ఖలనం తరువాత చిక్కబడిన వీర్యాన్ని పలచబరచడం ఈ ప్రోటీన్ పని. వీర్యంలో ఇది పుష్కలంగా ఉంటుంది, రక్తంలోకి మాత్రం అతి కొద్దిగా చేరుతుంది. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, గ్రంథి వాచినా, మూత్రం బిగిసిపోయి గొట్టం వేయవలసి వచ్చినా రక్తంలోకి చేరే మోతాదు పెరుగుతుంది. క్యాన్సర్ కూడా ఆ కారణాల్లో ఒకటి. మీ 6.8కి వీటిలో ఏది కారణమో ఆ ఒక్క అంకెను బట్టి ఎవరూ చెప్పలేరు.

రిపోర్టులో అచ్చువేసే 4 అన్న హద్దును కూడా గోడలా చూడకూడదు. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో పీఎస్‌ఏ 4 దాటని పురుషులకు బయాప్సీ చేసి చూస్తే దాదాపు 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. మరోవైపు 4 నుంచి 10 మధ్య ఉన్నవారికి బయాప్సీ చేస్తే సుమారుగా నలుగురిలో ఒకరికి మాత్రమే అది బయటపడుతుంది. రాత్రి లేవవలసి రావడం ఎక్కువగా గ్రంథి పెరుగుదల వల్ల వచ్చేదే. తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు.

మీరు మొదట చేయవలసింది ఇదే పరీక్షను కొన్ని వారాల తరువాత, వీలైతే అదే ల్యాబ్‌లో, మళ్లీ చేయించుకోవడం. అదే మనిషికి కూడా పీఎస్‌ఏ ఒకసారికీ మరోసారికీ మారుతుంటుంది. వేర్వేరు కంపెనీల కిట్లు వాడే ల్యాబుల మధ్య తేడా ఇంకా ఎక్కువగా ఉండవచ్చు. ఈలోగా మూత్రపరీక్ష చేయించుకోండి. ఇన్ఫెక్షన్ ఉంటే అది పూర్తిగా తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. పరీక్షకు ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం లేకుండా, సైకిల్ తొక్కకుండా ఉండటం మంచిది. యూరాలజిస్టు మలద్వారం గుండా వేలితో చేసే పరీక్షకు మొహమాటపడవద్దు. ఆ పరీక్షలో గట్టి గడ్డ తగిలితే ఇన్ని వారాలు వేచి చూడవలసిన పని లేదు.

రెండోసారి కూడా ఎక్కువే వస్తే అప్పుడు ఫ్రీ పీఎస్‌ఏకు అర్థం ఉంటుంది. రక్తంలో పీఎస్‌ఏ ఎక్కువ భాగం మరో ప్రోటీన్‌కు అంటుకుని, కొంత భాగం విడిగా తిరుగుతుంది. క్యాన్సర్ ఉన్నవారిలో ఈ విడి భాగం శాతం తక్కువగా ఉంటుంది. మొత్తం పీఎస్‌ఏ 4 నుంచి 10 మధ్య ఉండి, వేలి పరీక్షలో గడ్డ తగలని వారిపై 1998లో వెలువడిన అధ్యయనం ప్రకారం, విడి భాగం 25 శాతం దాటినవారిలో క్యాన్సర్ అవకాశం 8 శాతం, 10 శాతం లోపు ఉన్నవారిలో 56 శాతం. చిక్కేమిటంటే చాలామందికి ఫలితం ఈ రెండింటి మధ్యలో వస్తుంది, అక్కడ ఈ పరీక్ష పెద్దగా దారి చూపదు. పైగా ఫ్రీ పీఎస్‌ఏ నిలకడ లేని పదార్థం. ఇంటికి వచ్చి తీసుకున్న నమూనా గంటల తరబడి ఎండలో బండి మీద తిరిగి ల్యాబ్ చేరితే ఆ శాతాన్ని నేను నమ్మను. ల్యాబ్‌కే వెళ్లి రక్తం ఇవ్వండి.

ఇంతకంటే సులువైన లెక్క మరొకటి ఉంది, దాన్ని చాలామంది అడగరు. స్కానింగ్‌లో తెలిసే గ్రంథి పరిమాణంతో పీఎస్‌ఏను భాగించాలి. మీ గ్రంథి 70 మిల్లీలీటర్లు ఉంటే 6.8ని 70తో భాగిస్తే సుమారు 0.10 వస్తుంది, పెద్ద గ్రంథికి అది అసాధారణం కాదు. అదే గ్రంథి 30 మిల్లీలీటర్లే ఉంటే ఫలితం దాదాపు 0.23 అవుతుంది. 0.15 దాటితే అనుమానం పెరుగుతుంది. అంటే ఒకే 6.8 ఒకరికి ఊరట, మరొకరికి హెచ్చరిక కావచ్చు.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం మిగిలితే బయాప్సీకి ముందు ఎమ్మారై చేయించుకోమని నా సలహా. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో ముందుగా ఎమ్మారై తీసిన పురుషుల్లో నాలుగో వంతుకు పైగా మందికి బయాప్సీ అవసరమే రాలేదు. అవసరమైనవారికి సూది ఎక్కడ వేయాలో కూడా అది చూపిస్తుంది. మీకు సలహా ఇచ్చిన ఇద్దరు డాక్టర్లలో రెండోవారి మాట వైపే నేను మొగ్గుతాను. అయితే మొదటివారి మాటను ఏడాది పాటు పక్కన పెట్టేంత తీరిక మాత్రం మీకు లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ వాపుకు టామ్సులోసిన్, డుటాస్టెరైడ్ కలిసిన మాత్ర రెండేళ్లుగా వాడుతున్నారు. మందు మొదలుపెట్టక ముందు పీఎస్‌ఏ 4.2 ఉండేది, ఇప్పుడు 3.1 వచ్చింది. నార్మల్‌కు వచ్చేసిందని సంతోషించవచ్చా? (కాకినాడ)

జవాబు: సంతోషించకండి అమ్మా. డుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ మందులు ఆరు నెలల నుంచి ఏడాదిలోగా పీఎస్‌ఏను సుమారు సగానికి తగ్గిస్తాయి. అందువల్ల వీటిని వాడుతున్నవారి అంకెను రెట్టింపు చేసి చూడాలి. మీ నాన్నగారి 3.1 అసలు లెక్కలో 6.2తో సమానం. 4.2 నుంచి సుమారు 2.1కి దిగవలసినది 3.1 దగ్గర ఉందంటే తగ్గినట్టు కాదు, పెరిగినట్టు. ఈ మందు మీద ఉండగా పీఎస్‌ఏ తగినంత దిగకపోయినా, దిగి మళ్లీ ఎక్కినా యూరాలజిస్టుకు చూపించాలి. మందు పేరు ల్యాబ్ రిపోర్టులో ఉండదు కాబట్టి ఆ సంగతి మీరే చెప్పాలి. జుట్టు రాలకుండా ఫినాస్టెరైడ్ వాడే కుర్రవాళ్లు కూడా నడివయసులో ఈ పరీక్ష చేయించుకునేటప్పుడు ఆ మాట దాచకూడదు. జుట్టు, గోళ్ల కోసం ఎక్కువ మోతాదులో తీసుకునే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని యంత్రాల్లో పీఎస్‌ఏను లేనంత తక్కువగా చూపించగలవు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి పీహెచ్‌ఐ, 4కే అనే కొత్త రక్తపరీక్షలు చేయించమంటున్నాడు. అవి పీఎస్‌ఏ కంటే మంచివా? (గుంటూరు)

జవాబు: అవి పీఎస్‌ఏ ఎక్కువగా వచ్చిన తరువాత, బయాప్సీ చేయాలా వద్దా అన్న సందేహం దగ్గర వాడేవి. పీహెచ్‌ఐ అనేది మొత్తం పీఎస్‌ఏ, ఫ్రీ పీఎస్‌ఏ, ఫ్రీ పీఎస్‌ఏలోనే మరో ప్రత్యేక రూపం, ఈ మూడింటినీ కలిపి కట్టే లెక్క. దీనికి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. 4కే పరీక్షలో నాలుగు ప్రోటీన్లను కొలిచి, వయసు, గతంలో చేసిన బయాప్సీ వంటి వివరాలు జోడించి, ప్రమాదకరమైన క్యాన్సర్ ఉండే అవకాశాన్ని శాతంలో చెబుతారు. స్వీడన్‌లో రూపొందిన స్టాక్‌హోమ్3 పరీక్ష ఇలాంటి వాటికి జన్యు సమాచారాన్ని కూడా కలుపుతుంది. నెమ్మదిగా ఉండి ఏ హానీ చేయని క్యాన్సర్‌ను వదిలి, చికిత్స అవసరమైన దాన్నే పట్టుకోవడం వీటి ఉద్దేశం, అందులో పీఎస్‌ఏ కంటే ఇవి మెరుగే. మంచి ఎమ్మారై, దాన్ని చదవగల రేడియాలజిస్టు అందుబాటులో ఉన్నప్పుడు వీటి కోసం పరుగెత్తవలసిన అవసరం చాలామందికి ఉండదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మా నాన్నగారు 60 ఏళ్లకే ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయారు, మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నేను ఏటా పీఎస్‌ఏ చేయించుకోవాలా? (హైదరాబాద్)

జవాబు: మీ విషయంలో అవుననే చెబుతాను. ఎంత తరచుగా అన్నది మాత్రం తొలి ఫలితాన్ని బట్టి నిర్ణయించాలి. 1 కంటే తక్కువ వస్తే ఏటా చేయించవలసిన పని సాధారణంగా ఉండదు. తండ్రి వైపు ఈ రెండు క్యాన్సర్లూ కనిపిస్తున్నాయి కాబట్టి బీఆర్‌సీఏ2 వంటి జన్యువులో లోపం ఉందేమో జన్యు సలహాదారుతో మాట్లాడండి. మేనత్తగారు జీవించి ఉంటే జన్యుపరీక్షను ఆమెతో మొదలుపెట్టడం మేలు. ఈ లోపం ఉన్న పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ చిన్న వయసులో, ఉధృతంగా రావచ్చు.

కుటుంబ చరిత్ర లేనివారి విషయం వేరు, అక్కడ డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ప్రోస్టేట్ యాంటిజెన్‌పై 1970లో పరిశోధన ప్రచురించిన రిచర్డ్ ఆబ్లిన్ సైతం, అందరికీ ఈ పరీక్ష చేయడాన్ని 2010లో బహిరంగంగా వ్యతిరేకించారు. ఐరోపాలో 1993లో మొదలైన పెద్ద అధ్యయనం 23 ఏళ్ల ఫలితాల ప్రకారం, పరీక్షకు పిలిచినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. ఒక మరణాన్ని తప్పించడానికి 456 మందిని పిలవవలసి వచ్చింది, 12 మందికి అదనంగా క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. ఆ పన్నెండుగురిలో చాలామందికి అది జీవితాంతం తెలియకపోయినా నష్టం ఉండేది కాదు. అమెరికాలోని ప్రభుత్వ సలహా మండలి 2018లో 55 నుంచి 69 ఏళ్లవారు డాక్టరుతో చర్చించి సొంతంగా నిర్ణయించుకోవాలని, 70 దాటినవారికి ఈ పరీక్ష వద్దని చెప్పింది. ఎవరినీ ఏమీ అడగకుండా హెల్త్ ప్యాకేజీలో పీఎస్‌ఏను చేర్చేయడం నాకు నచ్చని పద్ధతి.

ప్రశ్న: మా మామగారికి ఏడాదిన్నర క్రితం ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసేశారు. ఆపరేషన్ తరువాత పీఎస్‌ఏ 0.1 లోపే ఉండేది. ఇప్పుడు 0.24 వచ్చింది. ల్యాబ్ వాళ్లు 4 లోపు నార్మల్ అంటున్నారు. (నిజామాబాద్)

జవాబు: 4 అన్న హద్దు గ్రంథి ఉన్నవారిది, మీ మామగారికి అది వర్తించదు. పీఎస్‌ఏ రక్తంలో రెండు మూడు రోజులకు సగమవుతూ పోతుంది కాబట్టి, గ్రంథి తీసేసిన కొన్ని వారాలకు అది పరీక్షకు అందనంత తక్కువకు రావాలి. ఆ తరువాత 0.2 లేదా అంతకంటే ఎక్కువ వచ్చి, మరోసారి చేసినా అలాగే ఉంటే వ్యాధి తిరిగి వచ్చినట్టు లెక్క. వెంటనే మళ్లీ పరీక్ష చేయించి, ఆపరేషన్ చేసిన డాక్టరును కలవండి. రేడియేషన్ అవసరమైతే పీఎస్‌ఏ తక్కువగా ఉన్నప్పుడు ఇస్తేనే ఫలితం బాగుంటుంది. గ్రంథిని తీయకుండా రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారికి కొలత వేరు: వారిలో పీఎస్‌ఏ దిగిన అత్యల్ప స్థాయి కంటే 2 పెరిగితే తిరగబెట్టిందని అనుకుంటాం.

ప్రశ్న: మా అన్నయ్యకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. హార్మోన్ ఇంజెక్షన్లతో పీఎస్‌ఏ 180 నుంచి 2కి వచ్చింది, కానీ నడుం నొప్పి పెరుగుతోంది. రక్తంతోనే చేసే లిక్విడ్ బయాప్సీ చేయించమని ఎవరో చెప్పారు. (తిరుపతి)

జవాబు: నడుం నొప్పితో పాటు కాళ్లలో బలహీనత, తిమ్మిరి, మూత్రం రాకపోవడం వంటివి కనిపిస్తే ఏ రక్తపరీక్ష కోసమూ ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోతుంటే గంటలు కూడా విలువైనవే.

అలాంటివేవీ లేకపోయినా పీఎస్‌ఏ 2 అన్న ధీమాతో ఉండకూడదు. కొందరిలో క్యాన్సర్ కణాలు స్వభావం మార్చుకుని పీఎస్‌ఏ తయారుచేయడం మానేస్తాయి. అంకె తక్కువగా ఉండగానే వ్యాధి ముదురుతుంది. అందుకే స్కాన్లతో పాటు రక్తంలో టెస్టోస్టెరాన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఎల్‌డీహెచ్ అనే ఎంజైములు, హిమోగ్లోబిన్ చూడాలి. పాత పరీక్షలే అయినా ఈ దశలో ఇవి చెప్పే సంగతులు తక్కువేమీ కావు.

లిక్విడ్ బయాప్సీలో క్యాన్సర్ కణాల నుంచి రక్తంలోకి రాలిన డీఎన్‌ఏ ముక్కలను వెతుకుతారు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 వంటి జన్యువుల్లో మార్పు కనిపిస్తే, హార్మోన్ మందులు పనిచేయని దశలో ఓలాపారిబ్ వంటి మందు ఉపయోగపడవచ్చు. రక్తంలోని క్యాన్సర్ కణాల్లో ఏఆర్-వీ7 అనే మార్పు ఉన్నవారికి ఎంజాలుటమైడ్, అబిరాటెరోన్ అనే హార్మోన్ మందులు సరిగా పనిచేయవని 2014లో ఒక పరిశోధన చూపింది. చికిత్స మార్చుకునే సందర్భంలో అది కొంత సాయపడుతుంది. అయితే ఇంజెక్షన్లతో వ్యాధి అణిగి ఉన్నప్పుడు రక్తంలోకి రాలే డీఎన్‌ఏ చాలా తక్కువ. అప్పుడు వచ్చే నెగటివ్ ఫలితానికి మార్పు లేదని అర్థం కాదు, దొరకలేదని మాత్రమే. అందువల్ల మొదట బయాప్సీ చేసిన ల్యాబ్‌ను అడిగి ఆ కణజాలపు మైనపు బ్లాకులను తెచ్చిపెట్టుకోండి. వీలైతే జన్యుపరీక్షను వాటి మీదే ముందు చేయించి, అవి పాతబడి పనికిరాకపోతే అప్పుడు రక్తం ఇవ్వండి.