మీటర్లు నాలుగు కావాలా, రెండు చాలా?

ప్రశ్న: మాది 2017 మోడల్ డీజిల్ పికప్. ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు పెట్టిన చేపల లోడుతో అరకు, పాడేరు వెళ్తుంటాం. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎంత వేడెక్కుతోందో తెలియడం లేదు. బండితో వచ్చిన మీటర్ ముల్లు ఎప్పుడు చూసినా మధ్యలోనే ఉంటుంది. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి), ఆయిల్ ప్రెషర్, నీళ్ల వేడి, వోల్టు మీటర్లు నాలుగూ కలిపి సెట్టు అమ్ముతున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నాలుగూ వద్దండీ. మీ రూటుకి రెండు చాలు. ఒకటి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) వేడి చూపేది, రెండోది ఎగ్జాస్ట్ (ఇంజిన్ వదిలే పొగ) వేడి చూపేది. మీకు ఎక్కువ పనికొచ్చే ఆ రెండోది మీరు చెప్పిన సెట్టులో లేనే లేదు.

ముల్లు మధ్యలో ఆగిపోవడం మీ బండి లోపం కాదు. డ్రైవరు ఊరికే కంగారు పడకుండా, వేడి మామూలు హద్దుల్లో అటూ ఇటూ మారుతున్నా ముల్లు కదలకుండా ఉండేలా చాలా కంపెనీలు దాన్ని కావాలనే అలా తయారుచేస్తాయి. అది కదిలి పైకి పోయిందంటే అప్పటికే ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ మీదికి వచ్చినట్టే. అంకెలు చూపే మీటర్ ఉంటే 88 నుంచి 96కి, 96 నుంచి 102కి పోవడం ముందే కనబడుతుంది. ఏసీ ఆపడానికో, బండి పక్కకు తీయడానికో వ్యవధి ఉంటుంది.

ఎగ్జాస్ట్ సంగతి వేరు. లోడుతో ఎక్కుడులో పెద్ద గేరు వదలకుండా తొక్కితే డీజిల్ ఎక్కువ పడుతుంది, దానికి తగ్గ గాలి అందదు. ఎగ్జాస్ట్ వేడి క్షణాల్లో పైకి పోతుంది. కూలెంట్ మీటర్‌కి ఆ కబురు చేరేది చాలా ఆలస్యంగా. టర్బోకి ముందు కొలిస్తే 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువసేపు ఉంచకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. ఒక గేరు దించి చూడండి, ఆర్‌పీఎం పెరిగి గాలి అందుతుంది, ముల్లు మీ కళ్ల ముందే దిగుతుంది.

బూస్ట్ మీటర్ మూడోదిగా పెట్టుకోవచ్చు. అదే ఎక్కుడులో, అదే గేరులో రోజూ చూపేదానికన్నా తక్కువ చూపి, నల్లపొగ కూడా వస్తే ఎక్కడో హోస్ క్లాంపు వదులై ఉండొచ్చు. ఆయిల్ ప్రెషర్ పెట్టించుకుంటే ఎలక్ట్రిక్ సెండర్ (ఇంజిన్ దగ్గరే కొలిచి వైరు మీద కబురు పంపేది) ఉన్నదే తీసుకోండి. సన్న గొట్టంలో నూనెను డ్యాష్‌బోర్డు దాకా తెచ్చే రకం పగిలితే వేడినూనె కాళ్లమీద పడుతుంది.

ప్రశ్న: ఎగ్జాస్ట్ సెన్సర్‌ని సైలెన్సర్ పైపులో బిగిస్తే సులువని మెకానిక్ అంటున్నాడు. ఇంజిన్‌కి బిగించి ఉండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి రంధ్రం చేయాలంటే భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: సులువే, కానీ అంకె తప్పు. టర్బో దాటేసరికి వేడి వంద డిగ్రీలకు పైగానే పడిపోతుంది, ఆ తేడా కూడా లోడును బట్టి మారుతుంది. మానిఫోల్డ్‌లో, గొట్టాలన్నీ కలిసి టర్బోకి చేరే చోట పెట్టడమే సరైన పని.

భయం మాత్రం న్యాయమైనదే. రంధ్రం చేస్తుంటే రాలే ఇనుప రజను టర్బోలోకి పోతే టర్బైన్ రెక్కలు పాడవుతాయి. అందుకే మానిఫోల్డ్ విప్పి లేత్ షాపులో చేయించండి. గ్యాస్కెట్ ఎలాగూ కొత్తది వేయాలి. సాధారణంగా ప్రోబ్‌కి (వేడి కొలిచే సెన్సర్ కడ్డీ) 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు కొలత) మర ఉంటుంది, దానికి 8.5 మి.మీ. డ్రిల్లు, తర్వాత మర కోసే అదే సైజు ట్యాపు. ఎన్‌పీటీ మర కొనవైపు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి ట్యాపుని పూర్తిగా దింపేయకుండా, మధ్యమధ్య ప్రోబ్ బిగించి చూసుకోవాలి. ప్రోబ్ కొన పొగదారి మధ్యకు రావాలి, ఎదుటి గోడకు తగలకూడదు. మరకు యాంటీసీజ్ పేస్టు రాయకపోతే రేపు విప్పేటప్పుడు రాదు.

వైరు చాలకపోతే మామూలు రాగి వైరు అతికిస్తుంటారు, అది వద్దు. ఎక్కువ వేడి కొలిచే కె-టైప్ రకం ప్రోబ్‌కి కె-టైప్ వైరే వేయాలి, లేకపోతే అతుకు దగ్గర వేడి మారినప్పుడల్లా అంకె మారిపోతుంది. ఇంజిన్ వేడెక్కుతుంటే ముల్లు కిందికి పోతోందా? రెండు వైర్లూ తారుమారయ్యాయి.

ప్రశ్న: రేడియేటర్ పై హోస్ కోసి అడాప్టరు పెట్టి కూలెంట్ సెన్సర్ బిగించారు. హెడ్‌లైట్లు వేస్తే ముల్లు గెంతుతోంది.
– ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: ఎర్త్ సమస్య. మీది ఒకే వైరు సెండరైతే దానికి ఎర్త్ ఒంటి ద్వారానే దొరకాలి. కానీ ఆ అల్యూమినియం అడాప్టరు రెండువైపులా రబ్బరు హోసులోనే ఉంది. అడాప్టరు నుంచి ఇంజిన్ బ్లాకుకి విడిగా ఒక వైరు లాగండి. సెండర్ మరకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టి ఉంటే అదీ అడ్డే. మీటర్ ఎర్త్ బిగించిన చోట పెయింటు గీకి, బోల్టు వేశాక పైన వాసెలిన్ పూయండి. మన సముద్రపు గాలికి ఊరికే వదిలేసిన వైరు కొస లగ్గు ఏడాది తిరక్కుండా పచ్చబడుతుంది.

ఇంకోమాట. కూలెంట్ కారిపోయి పై హోస్ ఖాళీ అయితే సెండర్‌కి నీళ్లు తగలవు, ఇంజిన్ మాడుతున్నా మీటర్ తక్కువే చూపుతుంది. ఎక్కుడులో ముల్లు ఉన్నట్టుండి పడిపోతే చల్లబడిందనుకోకుండా వెంటనే బండి ఆపండి. వేడిమీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి. హెడ్‌లో ఖాళీ ప్లగ్గు ఉంటే సెండర్‌ని అక్కడికి మార్చించడం మేలు.

ప్రశ్న: 2021 బీఎస్6 పికప్‌కి కూడా ఇవే పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: వారంటీ ఉండగా ఎక్కడా రంధ్రం చేయించకండి. స్టీరింగ్ కింద ఇంజిన్ సమాచారం ఇచ్చే ఓబీడీ సాకెట్‌కి తగిలించే డిస్‌ప్లే తీసుకుంటే కూలెంట్, బూస్ట్ అంకెలు అక్కడే వస్తాయి, మీ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇస్తే ఎగ్జాస్ట్ వేడి కూడా. కొనేముందు షాపులోనే మీ బండికి తగిలించి చూడండి. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ ఆ మసిని తగలబెట్టుకునేటప్పుడు ఫిల్టర్ దగ్గర వేడి 600 డిగ్రీలకు చేరినా కంగారు పడక్కర్లేదు, మధ్యలో ఇంజిన్ ఆపకండి.