కయాక్ లోపల ఫోమ్ ఊడిపోతుంటే ముందు జిగురును అనుమానించకండి

ప్లైవుడ్‌తో ఇంట్లో కట్టుకున్న కయాక్‌లో (కాళ్ళు లోపలికి చాపి కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పడవ) తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా అంటించిన ఫోమ్ తడవగానే ఊడివస్తోందని, ఇంకా గట్టి జిగురు చెప్పమని అడిగారు. నాదీ అలాంటిదే, ప్లైవుడ్ మీద ఎపాక్సీ పూత, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్. జిగురు సంగతి తరువాత. ముందు ఆ ఎపాక్సీని చూడండి.

కొన్ని హార్డెనర్లతో (రెజిన్‌ను గట్టిపరిచే రెండో ద్రవం) కలిపిన ఎపాక్సీ గట్టిపడేటప్పుడు, గాలిలో తేమ ఉంటే, పైన పల్చని జిడ్డు పొర తేలుతుంది. కంటికి సరిగా ఆనదు. జిగురు ఆ పొరకే అంటుకుంటుంది తప్ప పడవకు కాదు. అది నీళ్ళలో కరిగేదే కనుక మామూలు నీళ్ళతో, గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగి, పూర్తిగా ఆరాక 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. కడగకుండా రుద్దితే జిడ్డును పడవంతా పులిమినట్టే.

జిగురుకు సోఫా పనివారు ఫోమ్, రెక్సిన్ అంటించడానికి వాడే రబ్బరు జిగురు చాలు, ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటిది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు మాత్రం వద్దు. అందులోని నీరు బయటికి పోతేనే అది గట్టిపడుతుంది. అటు ఎపాక్సీ, ఇటు నీరు పీల్చని ఫోమ్, మధ్యలో ఆ నీరు ఎటు పోవాలి?

రెండు వైపులా పల్చగా పూసి, ఆరాక ఫోమ్‌కు ఇంకో పూత వెయ్యండి. ఇక ఆగాలి. పని చెడేది సాధారణంగా ఇక్కడే. వేలి కణుపుతో తాకితే బంకగా తగలాలి గాని జిగురు వేలికి రాకూడదు, తీగ సాగకూడదు. ఇందుకు 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ముసురు పట్టిన రోజు ఈ పనే పెట్టుకోకండి. ఒకసారి తాకించాక జరపడం కుదరదు కనుక ముందే పెన్సిల్‌తో గీత గీసుకుని, ఫోమ్‌ను వంపుకు తగ్గట్టు వంచి, మధ్య నుంచి అంచులకు అదుముతూ రండి. గంటల తరబడి బరువులు పెట్టనక్కర్లేదు, అప్పడాల కర్రతో ఒకసారి గట్టిగా నొక్కితే చాలు.

అంచులు నిలువుగా వదలకండి. కాళ్ళు లోపలికి జొనిపేటప్పుడు మడమ తగిలి అక్కడే పైకి లేస్తుంది. ఏటవాలుగా కోసి, జిగురు చివరిదాకా పూయండి.

ఫోమ్ అంటే చెప్పుల తయారీకి అమ్మే ఈవీఏ షీటు. సోఫా స్పాంజి నీళ్ళు తాగుతుంది, థర్మోకోల్ ఈ జిగురుకే కరిగిపోతుంది.

అన్నిటికంటే ముందు ముక్కలను టేపుతో నిలిపి కూర్చుని చూడండి. పడవ తిరగబడితే కాళ్ళు వెంటనే బయటికి రావాలి. పక్కన ఒక మనిషిని పెట్టుకుని నడుము లోతు నీళ్ళలో పరీక్షించాకే జిగురు డబ్బా మూత తీయండి. ఆ జిగురు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున నిలిచిపోతుంది, నిప్పు అంటుకుంటుంది కూడా. కాబట్టి పని ఆరుబయటే చేయండి, తల లోపల పెట్టి ఎక్కువసేపు ఉండకండి.

పాత ముక్కలు తీయడానికి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడి, మెల్లగా లాగితే వచ్చేస్తాయి.