భిన్నాల పుస్తకం తీస్తే చాలు, పాప ఏడుస్తోంది

ప్రశ్న: మా పాపకు 8 ఏళ్లు. భిన్నాలు మొదలైన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం ఇంట్లో గొడవే. మూడో వంతు కంటే నాలుగో వంతు పెద్దదంటుంది. ఎంత చెప్పినా అర్థం కావట్లేదని మావారు కేకలేస్తారు, పాప ఏడుస్తుంది. నాకూ చిన్నప్పటి నుంచి లెక్కలంటే టెన్షన్. నా భయమే పాపకూ వచ్చిందేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ దిగులు ముందు పక్కన పెట్టండమ్మా. మూడు కంటే నాలుగు పెద్దదని ఇన్నాళ్లూ మనమే నేర్పాం. ఇప్పుడు అదే నాలుగు గీత కిందకు వెళ్లేసరికి ముక్క చిన్నదైపోయిందంటే ఏ పిల్లకైనా తికమకగానే ఉంటుంది. పాప చెప్పింది తప్పే, కానీ ఆలోచించి చెప్పిన తప్పు. చాలామంది పిల్లలు సరిగ్గా ఇక్కడే ఆగుతారు.

ఓ పది రోజులు పుస్తకం మూసేయండి. లవం, హారం అన్న మాటలు కూడా వద్దు. అరలీటరు పాలు, పావుకిలో పచ్చిమిర్చి, ఎనిమిదింబావుకు బస్సు... ఇవన్నీ పాప రోజూ వింటున్నవే. అక్కణ్నుంచే మొదలుపెట్టండి. ఒకే సైజులో రెండు దోసెలు వేసి, ఒకటి ముగ్గురికి, ఇంకోటి నలుగురికి సమానంగా పంచమనండి. మూడు సమాన ముక్కలు చేయడం పిల్లలకు కష్టం, అక్కడ మీరో చెయ్యి వేయండి. ఎవరి ముక్క పెద్దదో మాత్రం మీరు చెప్పొద్దు. "ఎక్కువమంది ఉంటే తక్కువ వస్తుంది" అని తనే అనాలి. అందుకు నాలుగు రోజులు పట్టినా ఆగండి.

దోసెతోనే సరిపెట్టకండి. లేకపోతే భిన్నమంటే గుండ్రటి దాంట్లో ముక్క అనే మనసులో పడిపోతుంది. 12 చింతగింజలు పోసి సగం, పావు, మూడో వంతు తీయమనండి. దారం మడతపెట్టి కొలిపించండి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే పాత కొలతలు చెప్పించండి: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికలో సోల ఎన్నో వంతో పాపే లెక్కపెడుతుంది. ఇవన్నీ అలవాటయ్యాక, తను పంచిన దోసె బొమ్మ గీయించి పక్కన 1/4 అని రాయండి. కింద ఉన్నది ఎన్ని ముక్కలు చేశామో, పైన ఉన్నది ఎన్ని తీసుకున్నామో, అంతే.

ఇక మీవారి సంగతి. ఆయన ప్రేమతోనే కూర్చుంటున్నారు. కానీ కేక పడిన తర్వాత పాప చూసేది లెక్క వైపు కాదు, నాన్న ముఖం వైపు. పాప నిద్రపోయాక ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి. కొన్నాళ్లు పాఠం చెప్పడం మాని, ఆదివారం పాపను రైతుబజారుకు తీసుకెళ్లమనండి. టమాటా కిలో 40 రూపాయలైతే ముప్పావు కిలో ఎంతో పాపే చెప్పాలి. తప్పు చెప్పినా "ఎలా అనుకున్నావమ్మా?" అని అడిగితే చాలు.

"నాకు లెక్కలు రావు" అని పాప ముందు అనకండి. ఏదైనా మీకూ వెంటనే తట్టకపోతే గింజలు తెచ్చుకుని, "రా, ఇద్దరం పంచి చూద్దాం" అని పక్కన కూర్చోండి.