డిక్కీ వెనక సైకిల్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది హనుమకొండ. సెలవు రోజుల్లో పాకాల, లక్నవరం దిక్కు పోయి అక్కడ సైకిల్ తొక్కుదామని కారు డిక్కీ మూతకు పట్టీలతో బిగించే, రెండు సైకిళ్లు పట్టే ర్యాక్ కొన్నాం. మాది సెడాన్ కారు. పట్టీలు ఎంత గట్టిగా లాగినా కొంత దూరం పోయేసరికి వదులవుతున్నాయి. ర్యాక్‌లోనే లోపం ఉందా?

జవాబు: పట్టీల కుట్లు, బకిల్ పళ్లు బాగుంటే లోపం ర్యాక్‌లో ఉండదు. ఖాళీ ర్యాక్‌ను బిగించి, సైకిళ్లు ఎక్కించి, మళ్లీ పట్టీలు చూడకుండా బయల్దేరితే ఇలాగే అవుతుంది. కారుకు ఆనే కాళ్ల చివర రబ్బరో ఫోమో ఉంటుంది. సైకిళ్ల బరువు పడగానే అది నలిగి, పట్టీల్లో ఆ మేరకు జాగా వస్తుంది. అందుకే సైకిళ్లు ఎక్కించాక అన్ని పట్టీలూ ఇంకోసారి లాగాలి. అయిదు కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ లాగాలి. గతుకుల దారి దాటిన ప్రతిసారీ చూసుకోవాలి.

ఏ పట్టీ పని ఏమిటో తెలిస్తే బిగించడం తేలిక. పై పట్టీలు బరువు మోస్తాయి. పక్కవి ఊగకుండా ఆపుతాయి. కింది పట్టీలు ర్యాక్‌ను పైకి ఎగరనివ్వవు. చాలామంది తేలిగ్గా తీసుకునేది వీటినే. స్పీడ్ బ్రేకర్ మీద కారు వెనక భాగం లేచి పడినప్పుడు సైకిళ్లు ఒక్క క్షణం పైకి లేస్తాయి, పై పట్టీలు అప్పుడు వదులవుతాయి. కింది పట్టీలు బిర్రుగా లేకపోతే పై కొక్కెం అంచు మీదినుంచి జారేది అప్పుడే.

బిగించే ముందు డిక్కీ మూతనూ ర్యాక్ కాళ్లనూ తడిగుడ్డతో తుడవండి. మధ్యలో దుమ్ము ఉండిపోతే పెయింటును గరుకు కాగితంలా గీకేస్తుంది. ర్యాక్‌తో వచ్చిన కాగితంలో మీ కారు మోడల్‌కు కాళ్లు ఎంత తెరవాలో ఉంటుంది, దాన్నే పాటించండి. డిక్కీ తెరిచి పై కొక్కేలను మూత పై అంచు రేకుకు తగిలించి మూయండి. మూత పూర్తిగా లాక్ పడిందో లేదో చూడండి. కింది కొక్కేలు మూత కింది అంచుకు, పక్కవి పక్క అంచులకు. ప్లాస్టిక్ బంపర్‌కు ఏ కొక్కెమూ వేయకండి, అది వంగుతుంది. ముందు పైవి, తర్వాత కిందివి, ఆఖరున పక్కవి కొద్దికొద్దిగా లాగుతూ రెండు చుట్లు రండి. ర్యాక్‌ను పట్టుకుని ఊపితే కారు కూడా కదలాలి. ర్యాక్ ఒక్కటే కదిలిందంటే ఇంకా లాగాలి. మిగిలిన పట్టీ కొసను బకిల్ దగ్గరే ముడివేయండి. అది గాలికి కొట్టుకోదు, బకిల్ జారినా ముడి ఆపుతుంది.

బరువు సైకిల్‌ను కారు వైపు, తేలికదాన్ని బయట పెట్టండి. ఒకదాని హ్యాండిల్ ఎడమకుంటే రెండోదాని హ్యాండిల్ కుడికి. ముందు చక్రం తిరగకుండా ఫ్రేమ్‌కు కట్టాలి, పెడల్ కారుకు తగలకుండా తిప్పి కట్టాలి. దీనికి పాత సైకిల్ ట్యూబును కోసిన పట్టీలే అన్నిటికన్నా మేలు, జారవు, గీతలు పడవు. టైరు సైలెన్సర్ గొట్టానికి సూటిగా వెనక ఉండకూడదు. ఆ వేడికి రబ్బరు పాడవుతుంది, టైరు పేలనూవచ్చు.

ప్రశ్న: మా హ్యాచ్‌బ్యాక్‌కు పైన స్పాయిలర్ (వెనక అద్దం పైన రెక్కలా ఉండే భాగం) ఉంది. దాని మీదుగా పట్టీ వేయొచ్చా?

జవాబు: వద్దు. అది ప్లాస్టిక్, బరువు పడితే పగులుతుంది. స్పాయిలర్‌ను తాకకుండా పైనుంచి వంపు తిరిగి వచ్చే ర్యాకులున్నాయి, మీ మోడల్‌కు సరిపోతుందో లేదో అడిగి కొనండి. ఒక్క సైకిలే అయితే వెనక సీటు మడిచి, ముందు చక్రం తీసి లోపల పెట్టుకోవడమే మంచిది. ఎకోస్పోర్ట్, థార్ లాంటి వాటికి వెనక తలుపు మీద స్టెప్నీ ఉంటుంది. వాటికి స్టెప్నీకి బిగించే ర్యాక్ వేరే ఉంది.

ప్రశ్న: నంబర్ ప్లేటుకు సైకిల్ అడ్డం వస్తోంది. అట్టమీద నంబర్ రాసి వేలాడదీస్తే చాలా?

జవాబు: చాలదు. హై సెక్యూరిటీ ప్లేటే కనిపించాలి. బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు కూడా అంతే. లైట్లు వేసి, పది అడుగుల వెనక ఒకరిని నిలబెట్టి చూడమనండి. సైకిళ్లు తగిలించే ర్యాక్ చేతులను ఎత్తి బిగిస్తే కొన్ని కార్లకు సరిపోతుంది. సరిపోకపోతే ఒక్క సైకిలే తీసుకెళ్లండి. వెడల్పు కూడా చూసుకోండి: సైకిల్ పొడవు సుమారు 170 నుంచి 180 సెంటీమీటర్లు, ఆల్టో వెడల్పు 149. చక్రాలు రెండు పక్కలా బయటికి వస్తాయి. ములుగు వైపు 163వ జాతీయ రహదారి మీద ఎదురయ్యే లారీలకు దారి ఇచ్చేటప్పుడు ఆ సంగతి డ్రైవరు మనసులో ఉండాలి. చీకటిపడే లోపు ఇల్లు చేరండి.

ప్రశ్న: నాన్నగారి పాత సైకిల్, మా అమ్మాయి లేడీస్ సైకిల్, ఒక బ్యాటరీ సైకిల్ ఉన్నాయి. మూడూ ఒకేసారి పెట్టొచ్చా?

జవాబు: రెండు సైకిళ్ల ర్యాకులు మామూలుగా 30 కిలోలు మోస్తాయి, అంటే ఒక్కోదానికి 15. మీ ర్యాక్ మీద రాసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. పాతకాలపు ఇనుప సైకిలే 20 కిలోల చుట్టూ తూగుతుంది. బ్యాటరీ సైకిల్ అంతకన్నా బరువు ఉండొచ్చు. బ్యాటరీ తీసి కారు లోపల పెట్టినా పట్టీల ర్యాక్‌కు అది ఎక్కువే. బరువు చూడటం తేలిక: సైకిల్‌ను ఎత్తుకుని కాటా మీద నిలబడి, ఆ బరువులోంచి మీ బరువు తీసేయండి. లేడీస్ సైకిల్‌కు అడ్డకడ్డీ లేదు కాబట్టి ర్యాక్ చేతుల మీద ఏటవాలుగా జారుతుంది. సీటు గొట్టానికీ హ్యాండిల్ గొట్టానికీ మధ్య బిగించే అడాప్టర్ కడ్డీ సైకిల్ యాక్సెసరీల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది వేస్తే ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: ప్రతివారం తీసి పెట్టడం కష్టం. ర్యాక్‌ను కారుకే ఉంచేయొచ్చా?

జవాబు: ఉంచకండి. మన ఎండలకు నైలాన్ పట్టీ నెలల్లోనే బిరుసెక్కుతుంది, రబ్బరు కాళ్ల మచ్చలు పెయింటు మీద దిగుతాయి. ర్యాక్ ఉన్నంతసేపు డిక్కీ కూడా తెరవకూడదు. నీళ్లు, గాలి పంపు ముందే కారు లోపల పెట్టుకోండి. పట్టీ కుట్లలో దారం లేచినా, బకిల్ దగ్గర నూగు వచ్చినా ఆ పట్టీని మార్చేయండి.