తమ్ముడు బాప్టిస్టు పాస్టరు అవుతానంటున్నాడు. ఆ బతుకు ఎలా ఉంటుంది?

మీ తమ్ముడు బీటెక్ పూర్తి చేసి, ఉద్యోగం వద్దని, పల్లెల్లో సువార్త పని చేస్తూ బైబిలు పాఠాలు చెబుతానంటున్నాడు, ఇంట్లో అందరికీ దిగులుగా ఉంది, ఎవరైనా దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి అని అడిగారు. నేను అలాంటి పాస్టరు కూతుర్ని. మా నాయనది నెల్లూరు జిల్లా. రామాపట్నం సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే బడి) చదివి, పెళ్లయ్యాక తిరుపతికి వచ్చి, రిటైరయ్యేదాకా ఇక్కడే సేవ చేశారు. ఆయన బతుకు చూసి తెలుసుకున్నదే రాస్తున్నాను.

పాస్టరు అనగానే ఆదివారం ప్రసంగమే అందరికీ గుర్తొస్తుంది. మా ఇంట్లో అసలు పని సోమవారం మొదలయ్యేది. ఏర్పేడు, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు పల్లెల్లో చిన్న చిన్న కూడికలు నడిపేవాళ్లు ఆ రోజు మా ఇంటికి వచ్చేవాళ్లు. కూలికి పోయేవాళ్లు, బేల్దారి పనివాళ్లు, ఒకాయన రిక్షా తొక్కేవాడు. సెమినరీకి పోయే స్తోమత, చదువు వాళ్లకు లేవు. నాయన వాళ్లకు ముందుగదిలో చాప మీద పాఠం చెప్పేవారు.

అందులో యానాది కాలనీ నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. సువార్తల్లోని కథలన్నీ నోటికి వచ్చు, చదవడం మాత్రం రాదు. నాయన ఆయన పక్కనే కూర్చుని, పలక మీద అక్షరం లావుగా రాసి, ఆయన వేలు పట్టుకుని దిద్దించేవారు. గుణింతాల దాకా బాగానే వచ్చింది. ఒత్తుల దగ్గర మనిషి బిగుసుకుపోయాడు. నాయన విసుక్కోలేదు. వానాకాలం పోయి చలికాలం వచ్చినా ఆ పలక మా ఇంట్లోనే ఉంది. చివరికి ఆయన తన కాలనీలో బైబిలు తెరిచి, తడుముకుంటూనే, ఒక అధ్యాయం మొత్తం తానే చదివాడు. ఆ సాయంత్రం నాయన ఇంటికి వచ్చి అమ్మకు మూడుసార్లు చెప్పారు. పెద్ద పెద్ద సభల్లో మాట్లాడి వచ్చిన రోజు కూడా ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

అందుకే మీ తమ్ముడిని మొదట అడగాల్సింది ఇది: ఒక్క మనిషి కోసం నెలల తరబడి కూర్చోగలడా? సువార్త పని ఒకటి, బోధన ఇంకొకటి అని రెండుగా చెబుతున్నాడంటే అతనికి ఇంకా పని కనబడలేదని నా అభిప్రాయం. మా నాయనకు అవి ఎన్నడూ రెండు కాలేదు.

బాప్టిస్టుల చరిత్ర చూసినా అంతే. 1793లో బెంగాలుకు వచ్చిన బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ అంతకుముందు ఇంగ్లండులో చెప్పులు కుట్టిన మనిషి. కలకత్తా దగ్గరి సెరంపూరులో ఆయన రాసుకున్న తెలుగు వ్యాకరణం 1812 మార్చిలో అచ్చుశాల కాలిపోయినప్పుడు దాంతోపాటే బూడిదైంది. మళ్లీ రాసి 1814లో అచ్చు వేయించాడు. 1818లో అక్కడే కాలేజీ పెట్టారు. ఈ రోజుకీ మన దేశంలో చాలామంది పాస్టర్ల బి.డి. (దైవశాస్త్రం డిగ్రీ) పట్టా మీద ఉండేది ఆ సెరంపూరు పేరే.

మన తెలుగునాట నాయన ఎక్కువగా చెప్పింది ఒంగోలులో పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గురించి. 1876లో వచ్చిన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, కరువు జనానికి కూలి పని ఇప్పించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు (నమ్మినవాళ్లను నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకోవడం) ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. అందరూ ఆ అంకె దగ్గర ఆగిపోతారు. నాయన మాత్రం పాఠంలో వెంటనే అడిగేవారు, "మరి జులై 4న వీళ్లకు నేర్పేదెవరు?" ఊరూరా బడి, బడిలో పంతులు, ఆ పంతుళ్లను తయారుచేసే రామాపట్నం సెమినరీ, ఇవన్నీ ఆ ప్రశ్నకు జవాబులేనని చెప్పేవారు.

తిరుపతికి వస్తే సంగతి వేరు. ఇక్కడ బాప్టిస్టులు తర్వాత వచ్చినవాళ్లు. ముందునుంచీ ఉన్నది జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్. చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికావాళ్ల ఆర్కాట్ మిషన్. మా సంఘం, అంటే మా చర్చి, మొదట నెల్లూరు, ఒంగోలు నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలతోనే ఏర్పడింది. ఇది కోట్ల మంది మొక్కు తీర్చుకోవడానికి వచ్చే ఊరు. కొండ మీద వేరే మత ప్రచారం చట్టప్రకారమే నిషేధం. కింద కూడా, అలిపిరి దారిలోనో బస్టాండులోనో కరపత్రాలు పంచుదామని ఉత్సాహపడే కుర్రాళ్లను నాయన గట్టిగా ఆపేవారు. "వాళ్లు మన పిలుపు మీద రాలేదు, వాళ్ల దేవుడి దగ్గరికి వచ్చారు. దారిలో అడ్డం పడకూడదు" అనేవారు. పక్కింట్లో ఉండే తెలుగు పండితుడి దగ్గర ఛందస్సు నేర్చుకుని కీర్తనలు రాశారు. ఆ పండితుడు పోయినప్పుడు ఆయన కొడుకులతోపాటు మా నాయన కూడా శ్మశానం దాకా నడిచారు.

బాప్తిస్మం గురించి మీ ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఎందుకంటే బాప్టిస్టు పాస్టరు పనిలో సగం దాని చుట్టూనే. పసిపిల్లలకు ఇవ్వరు. ఎవరికి వాళ్లు నమ్మి, సంఘం ముందు తమ నమ్మకం గురించి సాక్ష్యం చెప్పి, నీళ్లలో మునగాలి. పాస్టరు కూతుర్నని నాకేమీ మినహాయింపు లేదు. కొత్తగా వచ్చినవాళ్లతో కలిపి క్లాసులో కూర్చోబెట్టి, సొంత నాయనే నన్ను ప్రశ్నలు అడిగారు. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కాబట్టి, చంద్రగిరి వైపు ఒక రైతు బోరు తొట్టిలో ఇచ్చారు. మోటారు ఆపమని కేక వేయడం, చల్లటి నీళ్లు, నా వీపు కింద నాయన చెయ్యి, అన్నీ గుర్తున్నాయి.

ఇక డబ్బు. బాప్టిస్టుల్లో పాస్టరును పిలుచుకునేదీ, పోషించేదీ, వద్దనుకుంటే పంపేదీ ఆ సంఘమే. ప్రతి సంఘం దేనికదే. పైన బిషప్ ఉండడు. దీంట్లో గౌరవం ఉంది, భయమూ ఉంది. కమిటీలో ఇద్దరు పెద్దమనుషులకు పడకపోతే ఆ నెల జీతం ఆలస్యం. చెనక్కాయల కాలంలో పల్లెల నుంచి మూటలు వచ్చేవి, పండగకు బియ్యం వచ్చేవి, స్కూలు ఫీజుకు మాత్రం అమ్మ కుట్టుమిషను తొక్కాల్సి వచ్చేది. మీ తమ్ముడికి బీటెక్ ఉంది కదా, ట్యూషన్లు గానీ ఇంకో పని గానీ చేసుకుంటూ సేవ చేస్తే తప్పేమీ లేదు. నాయన కూడా తన శిష్యులకు అదే చెప్పేవారు.

పాస్టరు అయ్యగారు ఎంత పని చేసినా, వచ్చినవాళ్లకు అన్నం పెట్టేది, ఆడవాళ్ల కన్నీళ్లు వినేది ఆయన భార్య అమ్మగారే. స్త్రీల సమాజం నడిపింది, పెళ్లి కాని పిల్లలకు సంబంధాలు వెతికింది మా అమ్మ. ఏ రికార్డులోనూ ఆమె పేరు లేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

ఇంకో సంగతి ముందే తెలుసుకోవాలి. పల్లెల్లో సంఘాలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది దళితులు. క్రైస్తవులైతే చట్టప్రకారం ఎస్సీ హోదా పోయి, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ మిగులుతుంది. ఈ ప్రశ్న పట్టుకుని మీ తమ్ముడి దగ్గరికి జనం వస్తారు. తప్పించుకోకుండా నిజం చెప్పే ధైర్యం ఉండాలి.

మీరు అతన్ని ఆపకండి, తొందరపెట్టనూ వద్దు. ఎలాగూ వెంటనే ఆర్డినేషన్ (పాస్టరుగా అధికారికంగా నియమించడం) ఇవ్వరు. కొన్నాళ్లు పని చూసి, పాస్టర్లంతా కూర్చుని దేవుడు తనను ఈ పనికి పిలిచిన పిలుపు గురించీ నమ్మకం గురించీ అతన్ని అడిగి, అప్పుడే తల మీద చేతులుంచి నియమిస్తారు. ఆలోపు ఎవరైనా పల్లె పాస్టరు దగ్గర ఒక ఏడాది ఉండమనండి. చదివించడానికి ఒక మనిషిని అప్పగించమని ఆ పాస్టరును అడగమనండి. పెళ్లి మాటలు మొదలైతే, జీతం సంగతి, ఇంటికి వచ్చిపోయేవాళ్ల సంగతి ఆ అమ్మాయికి ముందే చెప్పాలి. మా అమ్మకు ఎవరూ చెప్పలేదు.